ఎంసీబీ కంటపడని నిప్పు

చలికాలంలో ఒకసారి గీజరు స్విచ్చి కట్టేసి, ప్లగ్గును సాకెట్టులోంచి బయటికి లాగి చూడండి. చాలా ఇళ్లలో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. కొన్నిచోట్ల కాస్త కరిగి వంకరపోయి, సాకెట్టు కన్నం అంచున నల్లటి మసి కూడా పట్టి ఉంటుంది. దగ్గరికి వెళితే ఎండుచేపలను తలపించే కమురు వాసన. ఎలక్ట్రీషియన్ వచ్చి "లూజ్ కాంటాక్ట్ అండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ప్లగ్గు మార్చి వెళ్లిపోతాడు. మనమూ మరిచిపోతాం. నీళ్లు రోజూ వేడెక్కుతూనే ఉన్నాయి, ఎంసీబీ పడిపోలేదు, ఎవరికీ షాక్ కొట్టలేదు. ఇక ప్రమాదం ఏముందనుకుంటాం.

ఎంసీబీ పడకపోవడమే ఇక్కడ అసలు సంగతి. ఆ ప్లగ్గులో కొన్ని వారాలుగా, రోజుకు పావుగంట చొప్పున, రాగిని కరిగించగల వేడి ఒక చిన్న చుక్కంత చోట పుడుతూ ఉండి ఉండవచ్చు. ఇంటికి కాపలా అని మనం నమ్ముకున్న పరికరం దాన్ని చూడలేదు. దాన్ని చూసేలా ఆ పరికరాన్ని తయారుచేయలేదు అనడమే న్యాయం.

షార్ట్ సర్క్యూట్ అనే ఒక్క మాట

2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. ఆ రోజు మొదట వినిపించిన మాట షార్ట్ సర్క్యూట్. ఆసుపత్రిలో జరిగినా, గోదాములో జరిగినా, బట్టల దుకాణంలో జరిగినా మరుసటి రోజు పత్రికలో ఆ మాటే ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే ప్రమాద మరణాల పట్టికల్లో కూడా అగ్నిప్రమాదాల కారణాల కింద విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అనే వరుస ఒకటి ఉంది. వైర్ల వల్ల మొదలైన మంట ఏదైనా దాదాపుగా ఆ గడిలోకే చేరుతుంది.

కానీ ఇంజినీర్ల భాషలో షార్ట్ సర్క్యూట్‌కు కచ్చితమైన అర్థం ఉంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ మధ్యలో ఏ పరికరమూ లేకుండా నేరుగా తగులుకోవాలి. అప్పుడు వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దూసుకుపోతుంది. దాన్ని పట్టుకోవడంలో ఎంసీబీకి సాటిలేదు. లోపలి విద్యుదయస్కాంతం సెకనులో వందో వంతులో మీటను లాగేస్తుంది. కాబట్టి మంచి ఎంసీబీ ఉన్న ఇంట్లో అసలు సిసలు షార్ట్ సర్క్యూట్ ఇంటిని తగలబెట్టడం అంత తేలిక కాదు. (ఫ్యూజు క్యారియర్‌లో అసలు తీగ బదులు లావుపాటి రాగిపోగులు చుట్టిన ఇల్లయితే ఆ మాట వర్తించదు.) ఇక్కడే ఇంకో అనుమానితుడు తెరమీదికి వస్తాడు. కాలిపోయిన తరువాత వైర్ల మీద మిగిలే కరిగిన రాగిపూసలను చూసి మనం షార్ట్ సర్క్యూట్ అంటున్నది, చాలాసార్లు అంతకుముందే వేరే విధంగా మొదలైన నిప్పు చివరి ఘట్టం. ఆ మొదటి ఘట్టం పేరు ఆర్క్.

గాలి కరెంటు మోసే వేళ

రోడ్డుపక్క వెల్డింగ్ షాపు ముందు నుంచి వెళుతూ కళ్లు పక్కకు తిప్పుకున్న ప్రతి ఒక్కరికీ ఆర్క్ తెలుసు. టూరింగ్ టాకీసుల కాలంలో ప్రొజెక్టరులో వెలుగు కూడా రెండు కార్బన్ కడ్డీల మధ్య మండిన ఆర్కుదే. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో హంఫ్రీ డేవీ పెద్ద బ్యాటరీకి రెండు బొగ్గు కడ్డీలు తగిలించి, వాటిని ఆనించి మెల్లగా దూరం జరిపినప్పుడు మధ్యలో కళ్లు చెదిరే వెలుగు నిలబడింది. కడ్డీలను అడ్డంగా పెడితే వేడిగాలి పైకి లేస్తూ ఆ వెలుగును విల్లులా వంచేది. అందుకే దానికి ఆర్క్, అంటే చాపం అనే పేరు వచ్చింది.

గాలి మామూలుగా కరెంటును మోయదు. కానీ తగినంత వేడెక్కితే దాని అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపడి, గాలి ప్లాస్మాగా మారుతుంది. ఇక అది తీగలాంటిదే. ఉష్ణోగ్రత వేల డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుందని గుర్తుచేసుకుంటే ఆ సంఖ్యకు అర్థం తెలుస్తుంది.

ఆర్క్ స్వభావాన్ని లోతుగా చదివిన మనిషి హెర్తా ఐర్టన్. 1899లో బ్రిటన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమె. ఆనాటి వీధుల్లోని ఆర్కు దీపాలు ఉన్నట్టుండి బుసకొట్టి రెపరెపలాడేవి. ఎందుకని ఆమె ఆరా తీసింది. ధన కడ్డీ చివర ఏర్పడే గుంటలోకి గాలిలోని ఆక్సిజన్ చొరబడటమే కారణమని తేల్చింది. 1902లో ఆమె ఆర్క్ మీద రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. అదే సంవత్సరం ఆమె పేరును రాయల్ సొసైటీకి ప్రతిపాదిస్తే, పెళ్లయిన స్త్రీకి సభ్యత్వం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని పక్కన పెట్టారు. నాలుగేళ్లకు అదే సొసైటీ ఆమెకు హ్యూజ్ పతకం ఇచ్చింది.

మన గీజరు ప్లగ్గుకు పనికొచ్చే విషయం ఆమె పరిశోధనలో ఇంకొకటుంది. మామూలు నిరోధకంలో కరెంటు పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది. ఆర్కులో తిరకాసు. కరెంటు పెరిగేకొద్దీ ఆర్క్ మీద నిలిచే వోల్టేజీ తగ్గుతుంది. అంటే దాన్ని వదిలేస్తే ఆగకుండా పెరిగిపోతుంది, నిలకడగా మండాలంటే దానితో వరుసలో ఒక నిరోధం కళ్లెంలా ఉండాలి. ఆర్కు దీపాలకు ఆ కళ్లేన్ని పనిగట్టుకుని తగిలించేవారు. లూజుగా ఉన్న ప్లగ్గులో ఆ పనిని మన గీజరే చేసిపెడుతుంది.

325కీ 327కీ మధ్య

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది సగటు లాంటి లెక్క. ప్రతి తరంగం శిఖరం దగ్గర వోల్టేజీ 325కు చేరుతుంది. మరోవైపు 1889లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ ఒక నియమం కనిపెట్టాడు. దాని ప్రకారం రెండు లోహపు పలకల మధ్య గాలిని చీల్చడానికి కనీసం సుమారు 327 వోల్టులు కావాలి. అదీ ఆ ఎడం వెంట్రుక మందంలో పదో వంతు ఉన్నప్పుడు. ఎడం ఒక మిల్లీమీటరుకు పెరిగితే నాలుగు వేల వోల్టులకు పైనే కావాలి. అంటే ఇంటి కరెంటు తనంతట తాను కంటికి కనిపించే గాలి ఎడాన్ని దూకలేదు.

మరి ఆర్క్ ఎలా పుడుతుంది? ఒక దారి డేవీ చేసిన పనే. తగులుకుని ఉన్న రెండు లోహాలు విడిపోతున్నప్పుడు, చివరి సూదిమొనంత స్పర్శ దగ్గర లోహం కరిగి ఆవిరై, ఆ ఆవిరిలోంచి కరెంటు ప్రవాహం కొనసాగుతుంది. మనం స్విచ్చి కట్టిన ప్రతిసారీ లోపల ఇదే జరుగుతుంది. అది క్షణంలో ఆరిపోతుంది. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది కాబట్టి, రాగికీ రాగికీ మధ్య పుట్టిన చిన్న ఆర్క్ సున్నా దగ్గర చల్లబడి మళ్లీ లేవలేకపోతుంది. అక్కడితో ఆగిపోతే ఏ గొడవా లేదు.

గొడవ బొగ్గుతో వస్తుంది. లూజు కనెక్షన్ దగ్గర వేడికి పక్కనున్న పీవీసీ తొడుగు మాడుతుంది. మొదట అందులోంచి హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడుతుంది. అది గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై పక్కనున్న లోహాన్నే తినేసి, స్పర్శను ఇంకా పాడుచేస్తుంది. మిగిలేది కార్బన్. ఒకప్పుడు కరెంటును ఆపడానికి చుట్టిన తొడుగు ఇప్పుడు కరెంటును మోసే పదార్థం అయింది. పైగా ఎర్రగా కాలిన కార్బన్ ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుతుంది. సున్నా దగ్గర ఆరిన ఆర్క్ మరుక్షణం దానిమీద మళ్లీ రాజుకుంటుంది. అందుకే సంవత్సరాల తరబడి మౌనంగా ఉన్న కీలు ఒకరోజు, మాడిన తొడుగు తగినంత పోగయ్యాక, ఒక్కసారిగా మంటగా మారుతుంది.

రెండో దారి తేమ. వానాకాలంలో పాత బోర్డు మీద దుమ్ము, తడి, కోస్తా ఊళ్లలో అయితే ఉప్పుగాలి కూడా కలిసి రెండు టెర్మినళ్ల మధ్య సన్నటి పొరగా పేరుకుంటాయి. దాని వెంట కొద్దిపాటి కరెంటు పాకుతుంది. పొర ఆరే చోట చిన్న రవ్వ లేస్తుంది, ప్లాస్టిక్ ఉపరితలం మీద బొగ్గు చుక్క మిగులుతుంది. చుక్కలు కలిసి చెట్టుకొమ్మల్లాంటి నల్లగీతలవుతాయి. ప్లాస్టిక్‌లు దీన్ని ఎంతవరకు తట్టుకుంటాయో చూడటానికి ఒక అంతర్జాతీయ పరీక్షే ఉంది. రెండు ప్లాటినం మొనల మధ్య 0.1 శాతం అమ్మోనియం క్లోరైడు ద్రావణాన్ని అర నిమిషానికొక చుక్క చొప్పున 50 చుక్కలు వేసి, ఎంత వోల్టేజీ దాకా బొగ్గుదారి ఏర్పడకుండా ఉంటుందో కొలుస్తారు. ముద్రలేని చవక సాకెట్టు ఏ ప్లాస్టిక్‌తో చేశారో ఎవరికీ తెలియదు. తేడా ధరలో కాదు, ఇలాంటి చోట తెలుస్తుంది.

ఈ జాబితాలో అల్యూమినియాన్ని మరచిపోకూడదు. పాత ఇళ్లలో వైరింగ్ దానితోనే చేశారు. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు తీగ ఇప్పటికీ చాలాచోట్ల అదే. అల్యూమినియం గాలి తగలగానే కరెంటును మోయని ఆక్సైడు పొర కప్పుకుంటుంది. స్క్రూ కింద ఒత్తిడికి మెల్లగా సాగి వదులవుతుంది. వేడికి రాగి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. దాన్ని రాగితీగతో మెలిపెట్టి టేపు చుట్టిన కీలులో ఆరునెలల ఎండావానా చాలు.

తక్కువ కరెంటు, ఎక్కువ వేడి

ఇప్పుడు లెక్క చూద్దాం. 2,000 వాట్ల గీజరు మామూలుగా 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ప్లగ్గులో లూజు స్పర్శ దగ్గర ఆర్క్ ఏర్పడి, దానిమీద 20 వోల్టులు నిలిచాయనుకుందాం. గీజరుకు మిగిలేది 210. అప్పుడు కరెంటు సుమారు 7.9 ఆంపియర్లకు పడిపోతుంది. ఆర్కులో ఖర్చయ్యే శక్తి దాదాపు 150 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి ఆరు, ఆవగింజంత చోట పెట్టినట్టు.

ఎంసీబీకి కనిపించింది ఏమిటి? 8.7 ఉండాల్సిన చోట 7.9. అంటే మామూలు కన్నా తక్కువ. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దాకా గంటసేపైనా పడకూడదు, 23 దాటితే గంటలోపు పడాలి అన్నది దాని ప్రమాణం. ఇళ్లలో ఎక్కువగా వాడే సీ రకంలో అయస్కాంతం తక్షణం స్పందించాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 7.9ను చూసి అది కదలడానికి కారణమే లేదు.

ఆర్‌సీసీబీ సంగతి? అది ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని మాత్రమే చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే కట్ చేసి మన ప్రాణం కాపాడుతుంది. ఆర్క్ ఫేజు తీగలోనే వరుసగా ఉన్నప్పుడు వెళ్లినదంతా తిరిగొస్తుంది. తేడా సున్నా. ఆర్క్ భూమికి దారి చేసుకుంటే మాత్రం ఆర్‌సీసీబీ పట్టుకుంటుంది. మంటలకు కారణమయ్యే లోపాల్లో అది చిన్న భాగం కాదు కాబట్టి దాన్ని తక్కువ చేయకూడదు.

మంచం కోడు కింద నలిగిన ఎక్స్‌టెన్షన్ వైరులోనో, ఎలుక కొరికిన చోటో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఆర్క్ లేస్తే కరెంటు పదుల ఆంపియర్లకు పెరుగుతుంది. అక్కడ కూడా ఎంసీబీకి చిక్కే ఉంది. సన్నటి వైరు నిరోధం, ఆర్క్ వోల్టేజీ, మధ్యమధ్య విరామాలు కలిసి ఆ కరెంటును అయస్కాంతం గీత కింద ఉంచగలవు. చిటపటమని కొన్ని క్షణాలు చిమ్మే రాగి తుంపరలు దుప్పటి అంటుకోవడానికి సరిపోతాయి.

మిక్సీ మెరుపులూ వైరు మెరుపులూ

అయితే ఆర్క్ పూర్తిగా ఆనవాలు లేకుండా ఏమీ పోదు. పాత మీడియం వేవ్ రేడియో ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఇది గుర్తుండాలి. ఎక్కడో స్విచ్చి రవ్వలు కొడితే రేడియో గరగరలాడేది. ఆర్క్ ఒక రేడియో ప్రసారిణి లాంటిది. అది చాలా విస్తారమైన పౌనఃపున్యాల్లో రొద పుట్టిస్తుంది. అంతేకాదు, ప్రతి సున్నా దగ్గర ఆరి, మళ్లీ రాజుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది కాబట్టి కరెంటు తరంగం నున్నగా ఉండకుండా సున్నా దగ్గర చదునైన మెట్టులా కనిపిస్తుంది. ఎంత కరెంటు అన్న ప్రశ్న పక్కనపెట్టి, కరెంటు ఎలా ప్రవహిస్తోంది అని చూస్తే ఆర్క్ దొరుకుతుంది. ఆ చూపు ఉన్న పరికరమే ఏఎఫ్‌డీడీ, ఆర్క్ ఫాల్ట్ డిటెక్షన్ డివైస్. ఎంసీబీ పక్కనే కూర్చుని, లోపలి చిన్న ప్రాసెసర్‌తో ఆ రొదనూ ఆ మెట్లనూ నిరంతరం గమనిస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. పచ్చడి రుబ్బే మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర మెరుపులు నిత్యం ఎగురుతూనే ఉంటాయి. డ్రిల్లింగ్ మెషీన్ అంతే. ఫ్యాను రెగ్యులేటరు తరంగాన్ని సగంలో కోస్తుంది. ఎల్‌ఈడీ దీపాల, ఫోన్ చార్జర్ల సర్క్యూట్లు కూడా రొద చేస్తాయి. పరికరం వీటిని చూసి భయపడకూడదు, వీటి రొద మాటున దాగిన అసలు ఆర్కును వదలకూడదు. అందుకే 2013లో వచ్చిన ఐఈసీ 62606 ప్రమాణం ఈ పరికరాలను వాక్యూమ్ క్లీనరు, డిమ్మరు, కంప్రెసరు మోటారు వంటివి నడుస్తుండగా పరీక్షించమంటుంది. పరీక్షకు వాడే వైరు ముక్కను ముందే కోసి, అధిక వోల్టేజీతో మాడ్చి, బొగ్గుదారిని తయారుచేసి పెడతారు.

ఎంత త్వరగా స్పందించాలో చెప్పే పట్టిక నాకు ఆ ప్రమాణంలో అన్నిటికన్నా నచ్చిన భాగం. ఆర్క్ కరెంటు 2.5 ఆంపియర్లయితే 1 సెకను, 5 అయితే 0.5, 10 అయితే 0.25, 16 అయితే 0.15 సెకను లోపు కట్ చేయాలి. పైపైన చూస్తే ఏవో అంకెలు. ఆర్క్ వోల్టేజీని 20 అనుకుని గుణించి చూడండి. నాలుగుసార్లూ 50 జౌళ్లకు అటూ ఇటూగానే వస్తుంది. ఆర్క్ ఎంత పెద్దదన్నది కాదు, అది అక్కడ ఎంత వేడిని వదిలిందన్నదే లెక్క అని ఆ పట్టిక చెబుతోంది.

అమెరికా ఈ దారిలో ముందు నడిచింది. అక్కడి 1999 ఎలక్ట్రికల్ కోడ్ కొత్త ఇళ్ల పడకగదుల సాకెట్లకు ఇలాంటి రక్షణను 2002 నుంచి తప్పనిసరి చేసింది. 2008లో మిగతా గదులకూ విస్తరించింది. తొలితరం పరికరాలు అకారణంగా పడిపోతుంటే విసిగిపోయి తీసేయించుకున్నవారూ ఉన్నారు. జర్మనీ 2016లో కొన్ని రకాల భవనాలకు తప్పనిసరి అని, 2019లో ఎక్కడ అవసరమో ప్రమాద తీవ్రతను బేరీజు వేసుకుని నిర్ణయించుకోమని సడలించింది. బ్రిటన్ 2022లో ఎత్తయిన నివాస భవనాలు, విద్యార్థుల వసతిగృహాలు, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో సాకెట్టు సర్క్యూట్లకు తప్పనిసరి చేసింది. ఇంతమంది ఇన్ని దారులు పట్టడానికి ఒక కారణం ఉంది. జరగని మంటలను లెక్కపెట్టడం కష్టం.

ఈ పరికరానికీ గుడ్డి కోణాలు ఉన్నాయి. 2.5 ఆంపియర్ల కింద, అంటే 575 వాట్ల లోపు భారం మీద పుట్టే ఆర్కును పట్టుకోవాలని ప్రమాణం అడగదు. మీటరు బోర్డులోనో సర్వీసు తీగ కీలులోనో, తనకు ముందున్న చోట మొదలైనదాన్ని అది ఆపలేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆర్క్ లేకుండానే మండే కీలు. వదులైన రాగి కనెక్షన్ దగ్గర రాగి ఆక్సైడు పెరుగుతుంది. అది అర్ధవాహకం. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది కాబట్టి కరెంటంతా ఒక సన్నటి గీత వెంట పోగై, ఆ గీత ఎర్రగా నిప్పుకణికలా వెలుగుతుంది. రవ్వ లేదు, రొద లేదు. తరంగం దాదాపు నున్నగానే ఉంటుంది. ఏఎఫ్‌డీడీకి అది కనిపించకపోవచ్చు. దానికి మందు స్క్రూడ్రైవరే.

అందుకే మన ఇళ్ల విషయంలో నా లెక్క ఇది. ఎంసీబీతో పోలిస్తే ఏఎఫ్‌డీడీ ఖరీదు చాలా రెట్లు, మన దగ్గర ఇంకా అరుదు కూడా. ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు లేని ఇంట్లో ముందు దాని గురించి ఆలోచించడం వరస తప్పినట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ కట్టించి గీజరు, ఏసీ, మోటారు కనెక్షన్ల స్క్రూలన్నీ ఏడాదికోసారి బిగింపజేయడం, గోధుమరంగుకు తిరిగిన ప్లగ్గుతో పాటు సాకెట్టునూ మార్చడం (ప్లగ్గు ఒక్కటే మారిస్తే వదులైన సాకెట్టు కొత్త ప్లగ్గునూ తినేస్తుంది), టేపు కీళ్ల బదులు కనెక్టర్లు వాడటం ముందు. గీజరు, ఏసీలకు ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఆ తరువాత ఏఎఫ్‌డీడీకి మొదటి హక్కు పసిపిల్లల వార్డులది, ఆక్సిజన్ వాడే ఐసీయూలది, హాస్టళ్లది, పత్తి గోదాములది. అక్కడ మంట మొదలైతే తప్పించుకునే సమయం ఉండదు.

డాబా మీది డీసీ

ఈలోగా మన డాబాల మీదికి కొత్తరకం ఆర్క్ వచ్చి కూర్చుంటోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. మూడు కిలోవాట్ల ఇంటి వ్యవస్థలో ప్యానెళ్లను వరుసగా కలిపితే దాదాపు 300 వోల్టులు, 10 ఆంపియర్లు వస్తాయి. అదంతా డీసీ. సెకనుకు 100 సార్లు ఆరిపోయే అవకాశం ఏసీ ఆర్కుకు ఉందని చెప్పుకున్నాం. డీసీకి సున్నా అనేదే లేదు. ఒకసారి పుట్టిన ఆర్క్ రాగి కరిగి ఎడం పెరిగేదాకా, లేదా పొద్దు గుంకేదాకా మండగలదు.

ఫ్యూజు ఆపదా? సౌర ప్యానెల్‌ను నేరుగా షార్ట్ చేసినా దాని కరెంటు పదో వంతు లోపే పెరుగుతుంది. ఎండ ఇచ్చినంతే అది ఇవ్వగలదు. కాబట్టి ఎక్కువ కరెంటు కోసం కాచుకున్న ఫ్యూజు ఇక్కడ నిద్రపోతూనే ఉంటుంది. గీజరు కథే మళ్లీ. అమెరికా కోడ్ 2011లోనే భవనాల మీది 80 వోల్టులు దాటిన సౌర వ్యవస్థలకు డీసీ ఆర్క్ రక్షణ కోరింది. అక్కడి ప్రమాణం 2.5 సెకన్లలోపు, లేదా ఆర్క్ 750 జౌళ్లు వదిలేలోపు ఆపాలంటుంది. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 63027 పేరుతో 2023లో వచ్చింది. ఇప్పుడు చాలా ఇన్వర్టర్లలో ఈ సదుపాయం లోపలే ఉంటుంది. కొనేవారు వాట్లు, సబ్సిడీ అడిగినంత ఓపికగా అది ఉందా, ఆన్ చేశారా అని కూడా అడగాలి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను, పైకి ఒకేలా ఉన్నాయి కదా అని ఒకదానిలో ఒకటి గుచ్చి బిగించే అలవాటు దగ్గరే ఇలాంటి లోపాలు ఎక్కువగా మొదలవుతాయి.

తెగిపడిన తీగ

ఇదే చిక్కు ఇంటి గడప దాటి పొలంలోకి వెళితే ప్రాణాంతకంగా మారుతుంది. గాలివానకు తెగిన 11 వేల వోల్టుల తీగ నేలమీద పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు వెంటనే పడిపోతుందనుకుంటాం. అది నేల మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలో దాదాపు ఇదే వోల్టేజీ లైన్లను కావాలని నేలమీద పడేసి కొలిచారు. తడి గడ్డి మీద సుమారు 50 ఆంపియర్లు ప్రవహించాయి. పొడి ఇసుక మీద, తారురోడ్డు మీద దాదాపు ఏమీ లేదు. వందల ఆంపియర్ల భారాన్ని మోసే ఫీడరులో ఆ 50 కూడా మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోయే తేడా. అంతకన్నా పైన పెట్టిన రిలే కదలదు.

తీగ మట్టిని తాకే చోట మాత్రం ఆర్క్ ఎగురుతూ ఉంటుంది, కొన్నిసార్లు ఇసుకను కరిగించి గాజు చేస్తుంది. దాని కరెంటులో కూడా అదే క్రమంలేని రొద, అదే చదును మెట్లు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం పరిశోధకులు 1970ల చివరి నుంచి ఈ సంకేతాన్ని ఫీడరు భారం లోంచి వేరుచేసే పని మీద ఉన్నారు. అలా పనిచేసే రిలేలు మార్కెట్లో ఉన్నాయి. కానీ మిక్సీకి పడిపోయే ఏఎఫ్‌డీడీ ఒక ఇంటిని చీకటి చేస్తుంది, పొరబడిన ఫీడరు రిలే పది ఊళ్లను చీకటి చేస్తుంది. అందుకే చాలాచోట్ల వాటికి హెచ్చరిక మోగించే అధికారమే ఇస్తారు, కట్ చేసే అధికారం ఇవ్వరు.

కాబట్టి పొడి చేలో రవ్వలు లేకుండా, చప్పుడు లేకుండా పడి ఉన్న తీగలో కరెంటు పోయిందని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు. దానికి పది మీటర్ల దూరంలోనే ఆగిపోయి, పశువులను అటు పోనివ్వకుండా, 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పాలి. లైన్‌మన్ వచ్చి ఎర్తు చేసేదాకా ఆ తీగలో కరెంటు ఉన్నట్టే లెక్క.